ఉప్పు వాకిళ్ళు

ఖమ్‌మూన్ గోళ్ళు పదీ ఎర్రగా ఉన్నాయి.
చేతులు మాత్రం ఉప్పు కాచేవాడివి,
పగుళ్ళలో తెల్లగా పేరుకున్న ఎండాకాలం.

"అమ్మ వేసింది," అన్నాడు, నేనడక్కముందే.
సోంగ్‌ఖ్రామ్ ఏటి ఒడ్డు ఊళ్ళలో
రాత్రిళ్ళు మొగుణ్ణి వెతుక్కుంటూ ఒక దెయ్యం తిరుగుతుంది.
నిద్రలో దొరికిన మగవాణ్ణి తీసుకుపోతుంది.
గోళ్ళకు రంగుంటే ఆడమనిషనుకుని
పక్క గుమ్మానికి వెళ్తుంది.

అన్న బున్‌తియం రంగు వేసుకోలేదు.
సింగపూర్‌లో, కూలీల షెడ్డులో, పై మంచం మీద
ఒక మూలుగు. తర్వాత ఏమీ లేదు.
మర్నాటికని ఉతికిన చొక్కా
మంచం కమ్మీ మీద ఇంకా తడిగానే ఉందట.

నేను ఉడోన్ ఆసుపత్రిలో ఈసీజీలు తీస్తాను,
పదకొండేళ్ళుగా.
దెయ్యాల సంగతి నాకు తెలియదు.
వాకిళ్ళ సంగతి కొంచెం తెలుసు.

గుండె కండలో ఒక్కో కణానికీ
ఒంటి పొర నిండా కంటికానని వాకిళ్ళు.
బయట సోడియం కిక్కిరిసి నిలబడి ఉంటుంది
(ఖమ్‌మూన్ పెనంలో తేలే ఉప్పులో ఒక పాలు అదే),
లోపల పొటాషియం.
పక్క కణం నుంచి చిన్న కుదుపు.
తలుపులు భళ్ళున తెరుచుకుంటాయి,
సోడియం తోసుకొస్తుంది.
ఒక్క మిల్లీసెకను, అంతే,
వాటంతట అవే గడియ పడతాయి.
కొంత పొటాషియం తొందరపడి బయటికి జారుతుంది.
కాల్షియం మాత్రం పెళ్ళికొచ్చిన పెద్దమనిషిలా
నింపాదిగా లోపలికొచ్చి కండను బిగిస్తుంది.
ఆఖరున మిగతా పొటాషియం వేరే దారుల్లో వెళ్ళాక
ఇల్లు సద్దుమణుగుతుంది.
మళ్ళీ కుదుపు.
ఇంతా మీరు ఊఁ కొట్టేలోపు.

కొన్ని ఇళ్ళకు సోడియం వాకిళ్ళు తక్కువ.
తోసుకొచ్చేది చాలదు, జారిపోయేది ఆగదు.
కొన్ని కణాలు ముందే ఆరిపోతాయి,
పక్కవి వెలుగుతూనే ఉంటాయి.
ఆ తేడాలోంచి లేస్తుంది సుడి,
గుండె నెమ్మదించే నడిరాత్రి,
లేదా ఒళ్ళు కాలే జ్వరంలో.

ఆక్సిజన్ క్లిప్పు పెట్టాలి, రంగుంటే చదవదు.
కుడి చూపుడువేలు ఒక్కటి దూదితో తుడిచాను.
గుమ్మంలో వాళ్ళమ్మ
తుడిచిన ఆ వేలినే చూస్తూ నిలబడింది.

మొదటి కాగితంలో తప్పు లేదు.
మంచి కాగితాన్ని నమ్మనంటుంది డాక్టర్ పిమ్‌చనోక్.
ఛాతీ మీది రెండు బిళ్ళల్ని పక్కటెముకల సందుల వెంట పైకి జరిపాను.
నరంలోకి మందు మొదలైంది,
ఉన్న సోడియం తలుపుల్లో కొన్నిటిని మూసే మందు.
పది తలుపుల ఇంట్లో రెండు మూస్తే ఎవరికీ తెలియదు.
మూడే ఉన్న ఇంట్లో తెలుస్తుంది.

రెండో నిమిషం, ఏమీ లేదు.
కట్టెల ఖరీదు పెరిగి ఉప్పు గిట్టడం లేదని చెబుతున్నాడు.
నాలుగో నిమిషంలో
గీత భుజం ఎగరేసింది.
దిగాల్సిన చోట దిగకుండా
ఏటవాలుగా జారింది, కప్పు కూలిన పాకలా.
"ఆపండి," అంది డాక్టరు.
అతనింకా కట్టెల దగ్గరే ఉన్నాడు.

తర్వాత చాలాసేపు వివరించింది,
ఛాతీలో పెట్టే యంత్రం, జ్వరానికి వెంటనే మాత్ర,
అక్కచెల్లెళ్ళకూ పరీక్ష.
వాళ్ళమ్మ అంతా విని అడిగింది:
"మా తాత తండ్రి నుంచీ ఉప్పు కాస్తున్నాం.
మా ఇంట్లో ఉప్పుకే దారి లేదంటావా, తల్లీ?"
డాక్టరు తల ఊపింది. నేను తీగలు చుడుతున్నాను.

ఆమె సంచీలోంచి చిన్న సీసా తీసి
నా బల్ల మీద పెట్టింది, ఏమీ అనకుండా.
చదువుకున్నదాన్ని. ఒక్క క్షణం ఆగాను.
అతని చూపుడువేలు పట్టుకున్నాను.
నాకు రంగు వేయడం బాగా రాదు,
చర్మం మీదికి పాకింది.
ఖమ్‌మూన్ కదలకుండా కూర్చున్నాడు.
తెర మీద గీత
ఇంకా పూర్తిగా దిగలేదు.